చిన్న బెంచ్ పవర్ సప్లై కొనాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంచ్ పవర్ సప్లై అంటే ఎన్ని వోల్టులు ఇవ్వాలో, ఎన్ని ఆంప్స్ దాటకూడదో (కరెంటు లిమిట్) మనమే పెట్టుకోగల డీసీ సప్లై. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఈ సంగతి అడిగేది ఎక్కువగా మూడు రకాల వాళ్లు. ప్రాజెక్టు చేసే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లలు, సెల్ రిపేర్ షాపుల వాళ్లు, బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్లు (ఫోన్‌తో మోటారు వేసే డబ్బాలు), స్ప్రేయర్లు బాగుచేసే వాళ్లు. అందరూ మొదట అడిగేది ఎన్ని ఆంప్స్ అని. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది కరెంటు లిమిట్ ఎంత బాగా పనిచేస్తుంది, ఔట్‌పుట్‌కి విడిగా బటన్ ఉందా అనేవే. ఎందుకో కింద చెప్తాను.

అన్నా, ఇంట్లో పాత చార్జర్లు, ఎలిమినేటర్లు బోలెడు ఉన్నాయి, వాటితో పని అయిపోదా?

ఒక ఎల్‌ఈడీనో చిన్న ఫ్యానో తిప్పడానికైతే అయిపోతుంది. అసలు ఇబ్బంది బోర్డు మీద ఎక్కడో షార్ట్ ఉన్నప్పుడు వస్తుంది. 12 వోల్ట్, 2 ఆంప్ ఎలిమినేటర్ ఆ షార్ట్‌లోకి తన దగ్గరున్న 2 ఆంప్సూ తోసేస్తుంది, సన్నటి ట్రాక్ కాలిపోతుంది, ఐసీ పైకప్పు లేచిపోతుంది. బెంచ్ సప్లైలో మీరు "100 మిల్లీ ఆంప్స్ దాటొద్దు" అని ముందే కట్టేయొచ్చు. షార్ట్ ఉంటే మీటర్‌లో 0.10 దగ్గర ఆగి, వోల్టేజీ కిందికి జారిపోతుంది, బోర్డు బతుకుతుంది. ఎంత లాగుతోందో కళ్లముందు కనిపించడం దీని రెండో లాభం. బోర్డు మామూలుగా 80 మిల్లీ ఆంప్స్ తీసుకుంటుందని తెలిసిన వాళ్లకి, ఇవాళ 300 కనిపించిందంటే మల్టీమీటర్ ముట్టుకోకముందే సగం విషయం తెలిసిపోయినట్టే.

సీవీ, సీసీ అని రెండు లైట్లు ఉంటాయి, అవి ఏంటి? ఎలా సెట్ చేయాలి?

సీవీ అంటే కాన్‌స్టంట్ వోల్టేజీ, సీసీ అంటే కాన్‌స్టంట్ కరెంట్. సీవీ లైటు వెలిగితే సప్లై మీరు పెట్టిన వోల్టేజీని పట్టుకుని ఉందని అర్థం. సీసీ వెలిగితే బోర్డు మీరు పెట్టిన ఆంప్స్ లిమిట్‌కి తగిలిందని, అంతకు మించి ఇవ్వకుండా ఉండటానికి సప్లై వోల్టేజీని తగ్గిస్తోందని. రెండూ ఒకేసారి ఉండవు, ఏది వెలగాలో తేల్చేది లోడే, అంటే మీరు తగిలించిన బోర్డే. కొత్తవాళ్లు సీసీ నాబ్ తిప్పితే మీటర్‌లో ఆంప్స్ కదలట్లేదని, మెషిన్ పాడైందని వాపస్ తీసుకెళ్తుంటారు. లోడ్ లేనప్పుడు ఆంప్స్ సున్నానే ఉంటాయి, నాబ్ పెట్టేది హద్దు మాత్రమే.

సెట్ చేసే పద్ధతి ఇది. ముందు వోల్టేజీ పెట్టండి, ఉదాహరణకి 5. తర్వాత, మీ మెషిన్‌లో లిమిట్ అంకె ముందే చూపించే వసతి ఉంటే నేరుగా పెట్టేయొచ్చు. లేకపోతే ఆంప్స్ నాబ్‌ని పూర్తిగా తగ్గించి, ఎర్ర, నల్ల క్లిప్పులు రెండూ ఒకదానికొకటి తగిలించండి. భయపడకండి, మంచి సప్లైకి ఇది మామూలు పనే. ఇప్పుడు నాబ్ మెల్లగా పెంచుతూ మీటర్‌లో మీకు కావాల్సిన ఆంప్స్ వచ్చేదాకా తిప్పి ఆపేయండి. క్లిప్పులు విడదీస్తే వోల్టేజీ మళ్లీ 5కి వస్తుంది, అప్పుడు బోర్డు తగిలించుకోవచ్చు.

కొత్త బోర్డుకి మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు 50 లేదా 100 మిల్లీ ఆంప్స్ దగ్గర మొదలుపెట్టి, సీసీ పడకుండా బోర్డు లేస్తేనే లిమిట్ పెంచండి.

30 వోల్ట్ 10 ఆంప్ తీసుకోవాలా, 5 ఆంప్ చాలా?

హాబీ పనికి 5 ఆంప్ ధారాళంగా చాలు, నిజం చెప్పాలంటే 3 కూడా చాలు. ఆర్డునో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), సెన్సార్లు, చిన్న డిస్‌ప్లే అన్నీ కలిపినా అర ఆంప్ దాటడం తక్కువ. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న బోర్డు వైఫైలో పంపేటప్పుడు కొన్ని వందల మిల్లీ ఆంప్స్ లాగుతుంది, అది కూడా క్షణం సేపు.

మన వైపు ఎక్కువగా తగిలేది మొబైల్ స్టార్టర్లలో ఉండే జీఎస్ఎం మాడ్యూల్. సిమ్800ఎల్ లాంటిది 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య నడుస్తుంది, నెట్‌వర్క్ పట్టుకునేటప్పుడు సెకన్‌లో వెయ్యో వంతు కూడా లేని ముక్కల్లో 2 ఆంప్స్ దాకా లాగుతుంది. మీటర్ మాత్రం సగటునే చూపిస్తుంది కాబట్టి అక్కడ 0.2, 0.3 కనిపిస్తుంది. "మూడు వందలే కదా లాగేది" అనుకుని లిమిట్ అర ఆంప్ దగ్గర పెడితే మాడ్యూల్ నెట్‌వర్క్ దొరకబోయే సమయానికి రీసెట్ అవుతూ ఉంటుంది, మీరు సిమ్‌ని, యాంటెన్నాని, ఊరి టవర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. దీనికి లిమిట్ 2.5 ఆంప్స్ పెట్టి, మాడ్యూల్ కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి.

10 ఆంప్ ఎవరికంటే కారు యాంప్లిఫయర్లు, పెద్ద ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, 12 వోల్ట్ మోటార్లు పరీక్షించే వాళ్లకి. స్ప్రేయర్ పంపు మోటారు నడిచేటప్పుడు 2, 3 ఆంప్స్ తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు అడుగుతుంది. ఇంకో విషయం, తక్కువ ధరలో వచ్చే 10 ఆంప్ మెషిన్‌ని గంటల తరబడి 10 దగ్గరే నడపకండి. మన మే నెల ఎండల్లో, రేకుల షెడ్డులో అయితే 7 దగ్గర ఆపుకోవడం మేలు.

లీనియర్ మంచిదా, ఎస్ఎంపీఎస్ మంచిదా?

లీనియర్‌లో పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, 30 వోల్ట్ 5 ఆంప్‌ది నాలుగైదు కేజీల బరువు తూగుతుంది. ఔట్‌పుట్ శుభ్రంగా ఉంటుంది, రిపుల్ (వోల్టేజీలో మిగిలే చిన్న అలలు) ఒకటి రెండు మిల్లీ వోల్టులే. ఆడియో, రేడియో, సెన్సార్ యాంప్లిఫయర్ల పని చేసేవాళ్లకి ఇదే సుఖం. కష్టం వేడితో. లోపల 35 వోల్టులు వస్తుంటే బయట మీకు 5 వోల్టులు, 3 ఆంప్స్ కావాలంటే మిగతా 30 వోల్టులు గుణించు 3, అంటే 90 వాట్లు ఊరికే వేడిగా పోవాలి. అందుకే మంచి లీనియర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (వేర్వేరు వోల్టేజీలిచ్చే తీగలు) మార్చే రిలేలు ఉంటాయి. వోల్టేజీ పెంచుతుంటే మధ్యలో "టక్" మని వినిపించేది అదే, పాడైన చప్పుడు కాదు. కోరాడ్ కేఏ3005డీ ఈ జాతిదే.

ఎస్ఎంపీఎస్ (వేగంగా స్విచ్ చేస్తూ వోల్టేజీ తయారుచేసే రకం) చిన్న డబ్బా, కేజీన్నర, రెండు కేజీలు, ధర కూడా తక్కువ. రిపుల్ మాత్రం పదుల మిల్లీ వోల్టుల్లో ఉంటుంది. మైక్రోకంట్రోలర్లకి, రిలేలకి, మోటార్లకి, సెల్ రిపేర్‌కి అది అడ్డం కాదు. ఏఎం రేడియో పక్కన పెడితే గరగర వినిపిస్తుంది. అంతకన్నా పెద్ద బాధ ఫ్యాన్ మోత. కొన్ని మెషిన్లలో లోడ్ ఉన్నా లేకున్నా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, రాత్రిపూట చిన్న గదిలో అది చాలా చిరాకు. ఉష్ణోగ్రతని బట్టి తిరిగే ఫ్యాన్ ఉన్నది చూసుకోండి.

మొదటి మెషిన్ అయితే నా ఓటు ఎస్ఎంపీఎస్‌కే. ఆడియో మీదే మీ మనసుంటే మాత్రం బరువుకి, ధరకి ఓర్చుకుని లీనియర్ తీసుకోండి.

మా ఊర్లో మోటార్లన్నీ నడుస్తుంటే ఇంట్లో వోల్టేజీ 170కి పడిపోతుంది. ఏది తట్టుకుంటుంది?

మంచి ప్రశ్న, పట్నం వాళ్లు రాసే సలహాల్లో ఇది దొరకదు. మన దగ్గర ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోర్లూ ఇళ్లూ ఉన్న చోట ఇది రోజూ ఉండేదే. లీనియర్‌లో లోపలి వోల్టేజీ మెయిన్స్‌తో పాటే పడుతుంది, 230 కాస్తా 170 అయితే లోపలి 35 దాదాపు 26 అవుతుంది. ఇక 30 వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి? పై వోల్టేజీల దగ్గర, ట్యాపు మారే అంచుల దగ్గర 100 హెర్ట్జ్ హమ్ ఔట్‌పుట్‌లోకి వచ్చేస్తుంది, యాంప్లిఫయర్ పెడితే చెవికి తెలుస్తుంది. 5 వోల్టులు తక్కువ లోడ్‌తో వాడితే మామూలుగా ఏం తెలియదు.

ఎస్ఎంపీఎస్‌లో ఇన్‌పుట్ రేంజ్ వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. 100 నుంచి 240 అని ఉంటే మీకు ఢోకా లేదు. కొన్నింట్లో 220 ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం అని ఉంటుంది, అంటే 198 కింద వాళ్లది బాధ్యత కాదు. కొనే ముందు ఆ స్టిక్కర్ ఫొటో అడగండి. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద లీనియర్ నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, అలా ఎక్కువసేపు వాడకపోవడమే మంచిది.

వెనకాల 115/230 అని ఎర్ర స్విచ్ ఉంది, అదేంటి?

ప్లగ్ పెట్టకముందే చూడాల్సిన స్విచ్. మనకి 230 వైపు ఉండాలి. 115 వైపు ఉండగా ప్లగ్ పెడితే లోపలి కెపాసిటర్లు పేలతాయి, కనీసం ఫ్యూజ్ పోతుంది. పార్సిల్‌లో ఎటు ఉండి వస్తుందో నమ్మకం లేదు. చూశాక దాని మీద టేప్ ముక్క అంటించేయండి, ఇంట్లో పిల్లలు ఉంటే మరీ.

డిస్‌ప్లేలో మూడంకెలు చాలా, నాలుగంకెలు కావాలా?

నాలుగు తీసుకోండి. మూడంకెల మీటర్ ఆంప్స్‌ని 10 మిల్లీ ఆంప్స్ అడుగులతోనే చూపిస్తుంది, 6 మిల్లీ ఆంప్స్ లీకేజీ ఉన్న ఫోన్‌కి అది 0.00 అనో 0.01 అనో అంటుంది. సెల్ రిపేర్ వాళ్లు "డీసీ మెషిన్" అని పిలిచేది దీన్నే కదా, వాళ్లకి పవర్ కీ నొక్కకముందు ఎంత లాగుతోంది, నొక్కాక ఎలా ఎక్కుతోంది అనేదే అసలు వైద్యం. 4 వోల్టులు పెట్టి తగిలించగానే, కీ నొక్కకముందే ఆంప్స్ ఎక్కితే బ్యాటరీ లైన్‌లోనే షార్ట్ లేదా లీకేజీ. నొక్కాక కొద్దిగా ఎక్కి అక్కడే ఆగిపోతే సమస్య బ్యాటరీ లైన్ దాటి తర్వాతి భాగంలో ఉందన్నమాట. దీనికి 1 మిల్లీ ఆంప్ అడుగు ఉన్న మీటర్ కావాలి. ఈఎస్‌పీ32 డీప్ స్లీప్‌లో లాగే మైక్రో ఆంప్స్ మాత్రం ఇందులో ఏ సప్లైలోనూ కనిపించవు, దానికి వేరే మీటర్ ఉండాల్సిందే.

ఔట్‌పుట్ ఆన్/ఆఫ్ బటన్ అంత ముఖ్యమా? వెనక మెయిన్ స్విచ్ ఉంది కదా?

చాలా ముఖ్యం. సప్లై టెర్మినళ్ల వెనక లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది, ఎస్ఎంపీఎస్‌లలో అది పెద్దదే. మీరు 5 వోల్టులు, 20 మిల్లీ ఆంప్స్ లిమిట్ పెట్టుకుని, రెసిస్టర్ లేకుండా ఎర్ర ఎల్‌ఈడీ తగిలించారనుకోండి. దానికి కావాల్సింది 2 వోల్టులు, లిమిట్ ఉంది కాబట్టి ఏం కాదని మీ ధీమా. కానీ తగిలిన క్షణంలో ఆ కెపాసిటర్‌లో 5 వోల్టుల దాకా నిండిన చార్జ్ అంతా ఒక్కసారి ఎల్‌ఈడీలోకి దూకుతుంది. లిమిట్ సర్క్యూట్ కళ్లు తెరిచేలోపు ఎల్‌ఈడీ పోతుంది. బటన్‌తో ఔట్‌పుట్ ఆపి, తగిలించి, అప్పుడు ఆన్ చేస్తే వోల్టేజీ సున్నా నుంచి ఎక్కుతుంది, లిమిట్ తన పని తాను చేస్తుంది. మీ మెషిన్‌కి బటన్ లేకపోతే క్లిప్పులు రెండూ ముందు షార్ట్ చేసి ఉంచి, ఎల్‌ఈడీ పెట్టాక షార్ట్ తీసేయండి.

మెయిన్ స్విచ్‌తో పని కానివ్వాలనుకోవద్దు. కొన్ని మెషిన్లు ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు ఔట్‌పుట్‌లో ఒక్క క్షణం వోల్టేజీ ఎగిరిపడుతుంది.

అరచేతిలో పట్టే యూఎస్‌బీ సీ సప్లైలు వస్తున్నాయి కదా, అవి ఎలా ఉంటాయి?

హాస్టల్ పిల్లలకి, అద్దె గదుల వాళ్లకి చాలా బాగుంటాయి. ఫ్నిర్సీ డీపీఎస్-150 లాంటివి 30 వోల్ట్, 5 ఆంప్ అని వస్తాయి, లోపల మెయిన్స్ భాగం ఉండదు, బయటి నుంచి డీసీ ఇవ్వాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇవి వోల్టేజీని తగ్గించగలవు, పెంచలేవు. మీరు 20 వోల్టులిచ్చే 65 వాట్ల పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) చార్జర్ పెడితే ఔట్‌పుట్ 20కి కాస్త కిందే ఆగుతుంది, 65 వాట్లు దాటదు. 30 వోల్టులు కావాలంటే అంతకన్నా ఎక్కువ ఇచ్చే డీసీ అడాప్టర్ వేరే కొనాలి. పీడీ లేని మామూలు ఫోన్ చార్జర్ పెడితే 5 వోల్టుల లోపే ఆడుకోవాలి.

రైడెన్ ఆర్‌డీ6006 కూడా ఇలాంటి మాడ్యూలే, కాకపోతే పెద్దది, 60 వోల్ట్, 6 ఆంప్. దానికి డబ్బా, ఎస్ఎంపీఎస్ మీరే కూర్చుకోవాలి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమైన వాళ్లకి అదో సరదా.

దాంతో వచ్చిన క్రొకడైల్ వైర్లు సరిపోతాయా?

ఎక్కువ భాగం సరిపోవు. మీటర్‌లో 5.00 ఉంటుంది, బోర్డు దగ్గర కొలిస్తే 4.6 ఉంటుంది, మధ్యలోది వైరు మింగేసింది. లెక్క చూడండి: అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరు పొడవుకి దాదాపు 0.04 ఓమ్. పోను మీటరు, రాను మీటరు, మొత్తం 0.08. 3 ఆంప్స్ పోతే పావు వోల్టు అక్కడే పోయింది, వదులు క్లిప్పు కలిస్తే ఇంకా ఎక్కువ. మెషిన్‌తో ఊరికే ఇచ్చే వైర్లు ఈ అర కంటే కూడా సన్నగా ఉంటాయి. 1.5 మల్టీస్ట్రాండ్ వైరు రెండు రంగుల్లో మీటరు చొప్పున కొని, 4 మిల్లీమీటర్ల బనానా పిన్నులు, మంచి క్లిప్పులు సోల్డర్ చేసుకోండి. క్లిప్పులకి సోల్డర్ చేయకుండా నొక్కి వదిలేస్తే వారంలో ఊడిపోతాయి.

మధ్యలో ఆకుపచ్చ టెర్మినల్ ఎందుకు? డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోంది, ప్రమాదమా?

ఆకుపచ్చది ఎర్త్, నెగటివ్ కాదు. ఎర్ర, నల్ల రెండూ ఎర్త్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంటాయి. మీ లోడ్ ఎప్పుడూ ఎర్ర, నల్ల మధ్యే.

జిల్లుమనడానికి కారణం ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది, లేకపోతే డబ్బా మీద నిలబడుతుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. మన బండ నేలల్లో ఎండాకాలం వస్తే ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోతుంది, ఉన్నా లేనట్టే. నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి, చాలా ఇళ్లలో అక్కడికే తగ్గిపోతుంది. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల బోర్డులో దూర్చే అలవాటుంటే మానేయండి. నీళ్లు పోసినా, ప్లగ్ సరిగ్గా ఉన్నా షాక్ గట్టిగా కొడితే మాత్రం అది వేరే కథ, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మెషిన్ మూత విప్పొద్దు, లోపలి కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉంటుంది.

స్ప్రేయర్ బ్యాటరీ దీంతో చార్జ్ చేయొచ్చా?

చేయొచ్చు. 12 వోల్ట్, 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్‌కి 14.4 వోల్టులు, 0.8 ఆంప్ లిమిట్, అంటే ఏహెచ్‌లో పదో వంతు. బ్యాటరీ తగిలించకముందే రెండూ సెట్ చేయండి. ఎర్ర, నల్ల తారుమారు చేశారంటే బ్యాటరీ తన ఆంప్సన్నీ మెషిన్‌లోకి కుమ్మరిస్తుంది, కరెంటు లిమిట్ అక్కడ ఏమీ ఆపలేదు, ఎందుకంటే అది సప్లై ఇచ్చేదాన్నే ఆపుతుంది. కరెంటు పోతే కూడా బ్యాటరీ వెనక్కి మెషిన్‌లోకి ప్రవహిస్తుంది. ఇలా వెనక్కి రాకుండా ఎర్ర వైరులో 1ఎన్5822 లాంటి షాట్కీ డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) ఒకటి వేసి, 14.4ని బ్యాటరీ కాళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి, డయోడ్‌లో కొంచెం పోతుంది కాబట్టి. చార్జ్ ఎక్కి ఆంప్స్ బాగా తగ్గాక తీసేయండి, అలాగే వదిలి పొలానికి పోవద్దు.

కొత్త స్ప్రేయర్లలో లిథియం ప్యాకులు వస్తున్నాయి, వాటికి ఈ అంకెలు వర్తించవు. వాటితో వచ్చిన చార్జరే వాడండి. విడి లిథియం అయాన్ సెల్ అయితే 4.2 వోల్టులు దాటకూడదు, ఎదురుగా కూర్చుని చేయాలి.

పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌ని బెంచ్ సప్లైగా మారిస్తే?

ఆకుపచ్చ వైరుని నల్లదానికి కలిపితే లేస్తుంది, 3.3, 5, 12 వోల్టులు ఊరికే వచ్చినట్టే. కానీ 12 వోల్టుల లైన్ పదిహేను ఇరవై ఆంప్స్ దాకా ఇవ్వగలదు, మీరు పెట్టుకునే లిమిట్ ఏదీ లేదు. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి వాడుకోండి, కొత్త బోర్డు పరీక్షలకి వద్దు.

వెయ్యి రూపాయల లోపే అవ్వాలంటే?

పాత ల్యాప్‌టాప్ చార్జర్, 19 వోల్టులది, దానికి వోల్టేజీ తగ్గించే ఎక్స్ఎల్4015 మాడ్యూల్. రెండు పాట్‌లు (తిప్పి సెట్ చేసేవి) ఉన్నది అడగండి, ఒకటి వోల్టేజీకి, ఒకటి ఆంప్స్‌కి. ఒకే పాట్ ఉన్నదాంట్లో లిమిట్ ఉండదు. 5 ఆంప్ అని రాసి ఉంటుంది, హీట్‌సింక్ లేకుండా 2, 3 దగ్గర ఆపుకోండి. చిన్న వోల్ట్-ఆంప్ మీటర్ ఒకటి కలుపుకుంటే పని జరిగిపోతుంది. ఎల్ఎం317తో కట్టమని పాఠాల్లో ఉంటుంది, నేర్చుకోవడానికి బాగుంటుంది కానీ 12 నుంచి 3.3కి దింపి 1 ఆంప్ లాగితే దాదాపు 9 వాట్ల వేడి, చెయ్యి పెట్టలేరు.

ఆప్-యాంప్‌లకి (సిగ్నల్ పెంచే ఐసీలు) ప్లస్ 12, మైనస్ 12 ఎలా?

రెండు విడి సప్లైలు తీసుకుని ఒకదాని ఎర్రని రెండోదాని నల్లకి కలపండి, ఆ కలిసిన చోటే మీ సున్నా. ఒకే చార్జర్ మీద నడిచే రెండు చిన్న మాడ్యూళ్లతో ఇది కుదరదు, వాటి నల్లలు లోపలే కలిసి ఉంటాయి, కలిపితే షార్టే.

ఎక్కడ కొనాలి? షాపులో ఏం చూడాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో సెల్ స్పేర్స్ అమ్మే షాపుల్లో రిపేర్ వాళ్ల కోసం ఒకటి రెండు రకాలు పెడతారు, ఎక్కువ ఆశించొద్దు. చేత్తో చూసి కొనాలంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే. మల్టీమీటర్, ఒక 12 వోల్ట్ కారు బల్బు వెంట తీసుకెళ్లండి. 5 వోల్టులు పెట్టి మల్టీమీటర్‌తో సరిచూడండి. క్లిప్పులు షార్ట్ చేసి 1 ఆంప్ లిమిట్ నిలకడగా ఉందో లేదో చూడండి. బల్బు పెట్టి ఓ ఐదు నిమిషాలు వెలగనిచ్చి ఫ్యాన్ చప్పుడు వినండి. నాబ్ తిప్పుతుంటే అంకె గెంతకుండా ఎక్కాలి, గెంతితే ఆ పాట్ నాసిరకం, ఇంకోటి తీయమనండి. షాపాయన విసుక్కుంటే పక్క షాపు ఉంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఇవే పరీక్షలు వాపస్ గడువు లోపలే చేసేయండి, ఎర్ర స్విచ్ చూశాక.